ఎల్లారెడ్డి కోడలికి మత్తు

మత్తు డాక్టర్లంటే సూది పొడిచి పక్కన కూర్చుని కునుకు తీసేవాళ్లని మా బాపు చాలా ఏళ్లు అనుకున్నాడు. "కోసేటోడు వేరే ఉంటడు గదా బిడ్డా, నీకేం కష్టం?" అనేవాడు, కామారెడ్డిలో మా ఇంటి ముందు గద్దె మీద కూర్చుని. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "కోసేటోడు గుండెను చూస్తడు బాపూ, మనిషిని నేను చూస్త" అని ఎగిరిపడేదాన్ని. లోపలి నుంచి మా అమ్మ, "పొద్దుగాల్నే కోసుడు ముచ్చట్లేంది మీకు" అని ఇద్దరినీ కలిపి తిట్టేది.

ఎనభైల చివర్లో హైదరాబాదులో ఒక పెద్ద దవాఖానలో, గుండె ఆపరేషన్ల థియేటర్లో మత్తు పని నేర్చుకుంటున్నాను. ఆదివారం సెలవు దొరికితే బండెక్కి కామారెడ్డి వచ్చి పడేదాన్ని. ఆ రోజుల్లోనే ఎల్లారెడ్డి నుంచి ఒక కోడలు వచ్చింది. బీడీలు చుట్టే పిల్ల. మొగుడు దుబాయిలో ఉన్నాడు, వెంట అత్త ఉంది. చిన్నప్పుడు కీళ్ల జ్వరమొచ్చి పోయిందట. జ్వరమైతే పోయింది గానీ గుండెలో ఒక కవాటాన్ని పాడుచేసి పోయింది. అది ఏడాదికేడాది బిగుసుకుపోయి, రక్తం దిగడానికి సన్నటి సందు మాత్రం మిగిలింది.

ఈ జబ్బులో ఒక సంగతి తెలిస్తే చాలు, మిగతాదంతా అర్థమవుతుంది. గుండె నిదానంగా కొట్టుకుంటే ఆ సందులోంచి రక్తం మెల్లగా దిగుతుంది. గుండె పరుగెత్తిందా, దిగే తీరిక ఉండదు. రక్తం వెనక్కి తన్ని ఊపిరితిత్తులు నిండిపోతాయి. మంచం మీద కూర్చున్న మనిషి కూర్చున్నట్టే ఊపిరాడక పోతుంది. కాబట్టి ఇలాంటి మనిషికి మత్తు ఇవ్వడమంటే, అసలు పని ఆ గుండెను ఉరకనివ్వకుండా కాచుకోవడమే. సర్జన్ వేలు పెట్టి కవాటాన్ని విడదీస్తాడు, అది కాసేపటి పని. అక్కడిదాకా మనిషిని క్షేమంగా చేర్చడం మా పని.

మొదటిసారి చేర్చలేకపోయాం.

రాత్రి ఇచ్చిన నిద్రమాత్ర ఆమెను తాకనైనా లేదు. పొద్దున చూస్తే చేతులు వణుకుతున్నాయి, నుదురంతా చెమట. భయపడుతోంది అన్నారు అందరూ. భయపడక ఏం చేస్తుంది, గుండె కోస్తామంటే! నేనూ అంతే అనుకున్నాను. థియేటర్లో మా సారు మందు ఎక్కిస్తున్నారు, నా వేళ్లు ఆమె మణికట్టు మీద ఉన్నాయి. మా సారు చాలా నిదానస్తుడు, ఆయన చేతిలో మందు బొట్టు బొట్టుగా పోతుంది. ఆ మందుకు పహిల్వాన్ల లాంటివాళ్లు మాట మధ్యలో నిద్రపోవడం చూశాను. ఈమె కళ్లు తెరుచుకుని నన్నే చూస్తోంది.

"అక్కా, నాకు నిద్ర వస్తలేదు" అంది.

సారు ఇంకొంచెం ఇచ్చారు. నిద్ర రాలేదు. నా వేళ్ల కింద నాడి పరుగందుకుంది. మొదట లెక్కపెట్టాను, తర్వాత లెక్క నావల్ల కాలేదు. ఆమె దగ్గింది. పెదాల మీద ఎర్రటి నురగ కనిపించింది. "ఆపేద్దాం, లేపి కూర్చోబెట్టండి" అన్నారు సారు. ఆక్సిజన్ పెట్టి, ఒంట్లో నీరు లాగే సూదులిచ్చి, ఆమె ఊపిరి దారికొచ్చేదాకా నా ఊపిరి దారికి రాలేదు. సర్జన్‌కు కోపమొచ్చింది. ఇంకాస్త మందు పోస్తే పడుకునేది కదా అన్నాడు. "ఎందుకు తాకడం లేదో తెలియకుండా పోస్తే గుండె కూడా పడుకుంటుంది" అన్నారు సారు.

కొన్నాళ్లు ఇంటి దగ్గర కుదుటపడనివ్వండని ఆమెను పంపించేశారు. పంపిస్తూ సారు నాతో, "మీ వైపు మనిషే కదా, ఒకసారి ఇంటికెళ్లి చూసి రా. మనకు చెప్పనిదేదో ఉంది" అన్నారు.

ఆ వచ్చే ఆదివారం కామారెడ్డి నుంచి బస్సెక్కి ఎల్లారెడ్డి పోయాను. వాకిట్లో గోడ నీడన కూర్చుని బీడీలు చుడుతోంది. చుడుతోందని పేరే గానీ, చేతులు వణికి ఆకులోంచి తంబాకు ఒళ్లోకి రాలిపోతోంది. నాలుగేళ్ల కూతురు వచ్చి మెడ పట్టుకుని వేలాడితే, "వద్దు బిడ్డా, దమ్మొస్తది" అని మెల్లగా విడిపించుకుంది. నేను పక్కన కూర్చుని నాడి చూశాను. ఊరికే కూర్చున్న మనిషికి ఉండాల్సిన దానికంటే చాలా వేగంగా ఉంది.

పొద్దు గూకేముందు అత్త కల్లు సీసాలు పట్టుకొచ్చింది. కోడలికి గ్లాసు నిండా పోసింది. "నువ్వు గూడ జర తాగు బిడ్డా, ఎండల పడి వచ్చినవ్" అని నాకూ పోయబోయింది. వద్దన్నాను. కోడలు మారు మాట లేకుండా గటగటా తాగేసి మూతి తుడుచుకుంది. కాసేపటికి చూద్దును గదా, ఆ చేతుల వణుకు పోయింది. తంబాకు ఒక్క రవ్వ కింద పడకుండా బీడీలు టకటకా చుట్టుకుంటూ పోతోంది. నేను మళ్లీ మణికట్టు పట్టుకున్నాను. నాడి దిగింది, మా సారు మందుకు దిగనిది ఆ గ్లాసుకు దిగింది.

ఆ రోజుల్లో మా వైపు చాలా దుకాణాల్లో కల్లు చెట్టు మీంచి దించినది దించినట్టు వచ్చేది కాదు. నీళ్లు కలిపేవారు. ఆ పలచదనం తెలియకుండా నిద్రమత్తు పొడి కలిపేవారు. మేం దవాఖానలో తూచి తూచి ఇచ్చే జాతి మందునే అక్కడ గుప్పిటతో వేసేవారు. రోజూ అది తాగే ఒంటికి మా సూది ఏ మూలకు? పైగా అలవాటైన ఒంటికి అది ఒక్కసారిగా ఆగిపోతే వణుకు, చెమట, గుండె దడ అన్నీ వస్తాయి. దవాఖానలో ఉన్నన్ని రోజులూ ఆమెకు చుక్క దొరకలేదు. ఇంకేముంది!

నాకు ఒళ్లు మండిపోయింది. "అవ్వా! తాగుతదా అని సారు అడిగితే లేదని ఎట్ల చెప్పినవ్?" అని లేచాను.

"సారా తాగుతదా, బ్రాందీ తాగుతదా అని అడిగిండ్రు. మా ఇంట్ల గసొంటి పాడు అలవాట్లు లెవ్వు" అని ముసలామె నా మీదికే లేచింది. "కల్లు గూడ ఒక తాగుడేనా? పొద్దంత కష్టం చేసిన ఒంటికి కల్లు లేకుంటే నిద్రెట్ల పడ్తది? దమ్ముతోని రాత్రంత కూసుంటది పిల్ల. గింత కల్లు పోస్తెనే గద కన్ను మూస్తది."

"గా కల్లు ఒక్కసారి బందువెట్టంగనే గుండె ఉరికింది అవ్వా! చావు దాంక పోయొచ్చింది నీ కోడలు!" అని అరిచాను. వాడకట్టంతా వినే ఉంటుంది. ముసలామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "నాకేమెర్క బిడ్డా" అని ఏడ్చింది. ఇంత గట్టి మనిషి అట్లా ఏడుస్తుందని నేననుకోలేదు.

సారుకు చెబితే కుర్చీలో వెనక్కి వాలి చాలాసేపు పైకప్పు చూశారు. ఒక్కసారిగా మాన్పిస్తే ప్రాణం మీదికొస్తుంది. మాన్పించకపోతే ఆపరేషన్ లేదు. కాబట్టి కల్లు కొంచెం కొంచెం తగ్గిస్తూ, ఆ లోటుకు లెక్క తెలిసిన మాత్రలిస్తూ, తర్వాత ఆ మాత్రలు తగ్గిస్తూ రావాలి. తొందరపడితే గుండె ఉరుకుతుంది, తాత్సారం చేస్తే కవాటం ఊరుకోదు. ఆ రెండింటి మధ్యా నడవాలి.

ప్రతి ఆదివారం అత్తాకోడళ్లు ఎల్లారెడ్డి బస్సు దిగి కామారెడ్డిలో మా ఇంటికొచ్చేవారు. కోడలు బస్టాండు నుంచి మా ఇంటిదాకా దారిలో కూర్చుంటూ లేస్తూ వచ్చేది. వారం వారం ఆ కూర్చోవడం ఎక్కువవుతోంది. నాకు లోపల భయం, ఒకటే బుగులు. పైకి మాత్రం గద్దె మీద కూర్చోబెట్టి, నాడి చూసి, ఈ వారం ఎంత తగ్గించాలో చెప్పేదాన్ని. "పిల్లను పస్తులు పెడ్తున్నవ్ నువ్వు" అని అత్త సణిగేది. "నీకు మాటలు మస్తు ముదిరినయ్ అవ్వా" అని నేను. మా అమ్మ ఇద్దరికీ చాయ్ ఇచ్చి, మా కొట్లాట వింటూ నవ్వుకునేది.

ఒక ఆదివారం కోడలిని అడిగాను, ఆపరేషన్ అయినాక మొదలు ఏం చేస్తవని. మొగుడి దగ్గరికి పోతానంటుందేమో అనుకున్నాను. "బిడ్డను సంకకెత్తుకుంట అక్కా. పుట్టినసంది సక్కగ ఎత్తుకోలే" అంది. ఆ మాటకు నేను గోడ వైపు తిరిగి మాత్రలు వెతుకుతున్నట్టు నటించాను.

కల్లు మొత్తం ఆగింది. మాత్రలు చిన్న ముక్కకు వచ్చాయి. చేతులు వణకడం లేదు, నాడి నిలబడింది. ఊపిరి మాత్రం అడుగంటుతోంది. వెల్లకిలా పడుకోలేకపోతోంది. సారు ఆపరేషన్‌కు రోజు పెట్టించారు. నాతో ఒక్కమాటే అన్నారు. "ఈసారి వెనక్కి పంపితే మళ్లీ రాదమ్మా."

ముందు రోజు సాయంత్రం వార్డులో అత్తకు గట్టిగా చెప్పాను. రాత్రి నుంచి ఏమీ పెట్టొద్దు, పొద్దున నీళ్లు గూడ వద్దు. "ఎర్కనే బిడ్డా, ఎన్నిసార్లు చెప్తవ్" అంది.

పొద్దున థియేటర్లో బల్ల మీద తల కింద ఎత్తు పెట్టి పడుకోబెట్టాం. నాడి నెమ్మదిగా ఉంది. సారు సిరంజి చేతిలోకి తీసుకున్నారు. నేను అలవాటు కొద్దీ వంగి అడిగాను, "పొద్దుగాల ఏమన్న తాగినవా?"

ఆమె తలుపు వైపు చూసింది. తర్వాత, "అత్త కల్లు తెచ్చింది అక్కా. నేను తాగలే" అంది.

సారు చెయ్యి ఆగిపోయింది. కడుపులో ఏమన్నా ఉంటే, మత్తులో అది పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. అసలే నిండి ఉన్న ఊపిరితిత్తులు అవి, ఒక గుక్కకు కూడా చోటు లేదు. పోనీ మెలకువగా ఉండగానే ముక్కులోంచి గొట్టం వేసి కడుపు ఖాళీ చేద్దామా అంటే, ఆ వాంతులకూ ఆ పెనుగులాటకూ గుండె ఉరుకుతుంది. ఆపేద్దామా అంటే, మళ్లీ రాదన్న మాట సారు నోటి నుంచే వచ్చింది. ఇంతకూ తాగిందా, లేదా? పోయినసారి ఈ ఇంటివాళ్లు మాతో నిజం చెప్పనే లేదు.

"నువ్వు వాళ్లను ఎరుగుదువు. వెళ్లి కనుక్కుని రా" అన్నారు సారు.

థియేటర్ తలుపు అవతల అత్త గోడకు ఆనుకుని కూర్చుంది. నన్ను చూడగానే లేచింది. "కల్లు పోసినవా?" అన్నాను. బుకాయిస్తుందనుకున్నాను. ముఖం వెలిగిపోయింది.

"పోసిన బిడ్డా! మంచిగ తాగింది. గుండె ఉర్కదు ఇగ!"

"అవ్వా, ఏం పని చేసినవే! నీళ్లు గూడ వద్దని చెప్పలేదా నేను?"

"నీళ్లు పొయ్యలే, కల్లు పోసిన! కల్లు లేకుంటేనే గుండె ఉర్కుతదని నువ్వే చెప్తివి గద, మా వాకిట్ల నిలవడి! పోయినసారి గా కల్లు లేకనే గద పానం మీదికొచ్చింది!"

నేను అరిచి మరీ చెప్పిన మాటే. మిగతా ఎన్ని ఆదివారాలు నేను చెప్పిందంతా పక్కకు పోయింది, ఆ ఒక్క అరుపు మాత్రం ఆమె మనసులో నాటుకుపోయింది. "తాగంగ నీ కండ్లతోని చూసినవా?" అని అడిగాను.

"సిస్టరమ్మ వస్తదేమో అని తలుపుకాడ కావలున్న. వెనక్కి మర్రి చూస్తే గ్లాసు ఖాళీ. ఖాళీ అయిందంటే తాగినట్టే గద!"

వార్డుకు ఉరికాను. థియేటర్ చెప్పులతోనే ఉరికాను, దారిలో ఎవరో తిట్టారు కూడా. ఆమె మంచం కింద, ఆపరేషన్ గౌను తొడిగినప్పుడు విప్పిన నీలం చీర ఉండచుట్టి ఉంది. తీస్తే బరువుగా తగిలింది. సగం చీర తడిసి ఉంది. పిండాను. నేల మీద పులిసిన కల్లు మడుగు కట్టింది. వాసన వార్డంతా కొట్టింది.

అయినా అనుమానం పురుగు తొలుస్తోంది. కొంత తాగి కొంత పారబోసిందేమో? వెనక్కి వచ్చి ఆమె చెవి దగ్గర వంగాను. "ఎందుకు పారబోసినవ్? వద్దని అత్తకే చెప్తే అయిపోతుండె గద?"

"చీకటితోని లేసి, గీ ఎరుకలేని పట్నంల యాడయాడనో తిరిగి దొర్కిచ్చుకొచ్చింది అక్కా. వద్దంటే ముఖం చిన్నబోతది. జరంత గూడ మింగలే, నా బిడ్డ మీద ఒట్టు."

సారు నన్ను చూశారు. "నమ్ముతున్నావా?"

"నమ్ముతున్నా సార్."

"సరే. గొంతు దగ్గర నొక్కి పట్టుకో" అన్నారు. పొరపాటున ఏమన్నా ఉంటే పైకి రాకుండా అది మాకున్న చివరి అడ్డు. నేను రెండు వేళ్లతో నొక్కి పట్టుకున్నాను. సారు మందు బొట్టు బొట్టుగా ఎక్కించారు. ఈసారి ఆమె కళ్లు బరువెక్కాయి. "అక్కా, నిద్ర..." అంది, మాట సగంలోనే పోయింది. నాడి ఉరకలేదు. సారు గొంతులోకి గొట్టం దించుతుంటే నేను ఆమె నోటి మూలలనే చూస్తున్నాను. ఏదైనా కారుతుందేమోనని చూస్తూ, రాకు తల్లీ, రాకు అని లోపల గొణుక్కుంటున్నాను. ఏమీ రాలేదు. గొట్టం కూర్చుంది. నా వేళ్లు తీయమని సారు రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది, అంత బిగుసుకుపోయాయి.

తర్వాత సర్జన్ వేలు గుండెలోకి పోయినప్పుడు రక్తపోటు ఒక్కసారిగా పడిపోయింది. పడిపోతుందని ముందే తెలుసు, ఆ వేలే దారికి అడ్డం కాబట్టి. తెలిసినా ఆ క్షణం ఎవరికీ ఓర్చుకోవడం రాదు. "విడింది" అన్నాడు సర్జన్. వేలు బయటికొచ్చింది. రక్తపోటు మెల్లగా లేచింది.

సాయంత్రం గొట్టం తీశాం. బొంగురు గొంతుతో ఆమె అన్న మొదటి మాట వినడానికి నేను మంచం మీదికి వంగాల్సి వచ్చింది.

"అత్తకు చెప్పకు అక్కా. పారబోసిన అని."

చెప్పనని మాటిచ్చాను. ఇచ్చి చిక్కుకుపోయాను. తర్వాత కొన్నేళ్లకు నేను కామారెడ్డిలోనే పనికి కుదురుకున్నాను. ఎప్పుడు ఎదురుపడినా ముసలామె నలుగురి ముందూ మొదలుపెట్టేది. "గీ డాక్టరమ్మ వద్దన్నది. నేను దొంగతనంగ కల్లు పోసిన. గందుకే బతికింది నా కోడలు!" జనం నా ముఖం చూసేవారు. నాకు నాలుక దురద పెట్టేది. ఎవరి మాటా పడని మనిషిని, ఆ ముసలామె మాట మాత్రం పడ్డాను. ఆమె ముఖం పక్కకు తిప్పగానే పక్కనున్నవాళ్లను పట్టుకుని, "ఆపరేషన్ ముందర చుక్క కూడా తాగొద్దు, సచ్చిపోతరు" అని వేరే చెప్పుకునేదాన్ని.

తొంభైల చివర్లో ముసలామెకే గర్భసంచి జారి ఆపరేషన్ పడింది. మత్తు నేనే ఇవ్వాలి. ఆమె కల్లును కూడా ముందు నుంచే మాత్రలతో తగ్గించుకుంటూ వచ్చాను, ఆ దారి నాకు బాగా తెలుసు కదా. ఆ పొద్దున గదిలోకి పోయేసరికి మంచం మీద కాళ్లు ముడుచుకుని కూర్చుంది. దిండు కింద నుంచి సీసా మూతి కనిపిస్తోంది. పక్కన కోడలు నిలబడి ఉంది. పచ్చగా, నిండుగా ఉంది, నడుము మీద చెయ్యేసుకుని.

"అవ్వా, సీసా ఇటియ్యి" అన్నాను.

"ఇయ్య. నా కోడలు అంత పెద్ద గుండె ఆపరేషన్‌కే తాగి పోయింది. నాకు గీ చిన్నదానికి వద్దంటవా?"

నా దగ్గర జవాబు ఉంది. చెప్పే హక్కు లేదు. కోడలి వైపు చూశాను. ఆమె తలదించుకుని, "అత్తా, నేను ఆ పొద్దు తాగలే. చీరల పారబోసిన" అంది.

ముసలామె కోడలిని చూసి, నన్ను చూసి, మళ్లీ కోడలిని చూసింది.

"ఎర్కనే" అంది. "గా కల్లు చీర ఉతికింది ఎవలనుకున్నవ్?"

నాకు మతి పోయింది. "ఎర్కైతే మరి ఇన్నేండ్లు ఊరంత ఎందుకు చెప్పినవే అవ్వా?"

"అది నా మనసు నొస్తదని దాసుకున్నది. అది దాసుకున్నంక నేను బయటవెడ్తనా?" అంది, నాకు ఆ మాత్రం తెలియనందుకు విసుక్కుంటూ. "గిప్పుడు బుగులైతుంది బిడ్డా, గందుకే తెచ్చుకున్న."

కోడలు ఆమె పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. తర్వాత ముసలామె దిండు కింద నుంచి సీసా తీసి కోడలి చేతిలో పెట్టింది.

"ఇగ పారబొయ్యి" అంది. "ఈసారి నా కండ్ల ముందరనే పారబొయ్యి."